పొగ గొట్టాన్ని చెరిపేయని చిత్రకారుడు

సీనరీ గీయమంటే మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలందరూ దాదాపు ఒకే బొమ్మ గీస్తారు. రెండు కొండలు, వాటి మధ్య సగం కనబడే సూర్యుడు, వంకర తిరుగుతూ దిగే నది, ఒడ్డున గుడిసె, పక్కన కొబ్బరి చెట్టు, ఆకాశంలో టిక్కు మార్కుల్లా నాలుగు పక్షులు. మీరూ చిన్నప్పుడు అదే గీసి ఉంటారు, నేనూ అదే గీశాను. ఆ బొమ్మ తప్పని అనను. కానీ మార్కాపురం, గిద్దలూరు వైపు ఆ నిండు నది ఎక్కడుంది? గుండ్లకమ్మ ఏడాదిలో ఎన్ని నెలలు పారుతుందో మనకు తెలియనిది కాదు. మన పిల్లలు రోజూ చూసేవి వేరే ఉన్నాయి. పలకల గనుల పక్కన పోసిన రాతి ముక్కల గుట్టలు, పలకలు కోసే మిషన్ల చప్పుడు, దుమ్ము పట్టిన వేపచెట్లు, మిరప చేల పక్కనుంచి దిగువమెట్ట వైపు పోయే రైలు, ఎండాకాలం నీళ్ల ట్యాంకర్ ముందు బిందెల వరుస. వీటిని ఎవరూ గీయరు. ఇవి సీనరీలోకి రావని పిల్లలకు ఎవరు చెప్పారో తెలియదు గానీ, అందరికీ తెలుసు.

ఈ నెల మనం పరిచయం చేసుకుంటున్న మనిషికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదేమో అనిపిస్తుంది. చెప్పినా ఆయన వినలేదు. 1873లో ఫ్రాన్స్‌లో ఒక చిన్న ఊరి దగ్గర నది ఒడ్డున నిలబడి, అవతలి గట్టున ఉన్న ఫ్యాక్టరీని, దాని పొగ గొట్టాలతో, పొగతో సహా, చెట్లూ నీళ్లూ మబ్బులతో కలిపి వేశాడు. ఆయన పేరు కమీ పిస్సారో. ఇంప్రెషనిజం అనే చిత్రకళా పద్ధతిని నిలబెట్టిన వాళ్లలో వయసులో పెద్దవాడు. మోనే, రెన్వార్, సెజాన్ల పేర్లు విన్నంతగా మనం ఈయన పేరు వినం. నా ఉద్దేశంలో వినవలసిన పేరు ఇదే.

పిస్సారో పుట్టింది ఫ్రాన్స్‌లో కాదు. అమెరికా ఖండానికి దగ్గరలో కరీబియన్ సముద్రంలో సెయింట్ థామస్ అనే చిన్న దీవి ఉంది. అప్పట్లో అది డెన్మార్క్ చేతిలో ఉండేది (1917లో డెన్మార్క్ దాన్ని అమెరికాకు అమ్మేసింది). ఆ దీవిలోని షార్లెట్ అమాలియా అనే రేవు పట్నంలో 1830 జులై 10న పుట్టాడు. తండ్రి ఫ్రెడరిక్‌ది దుకాణం. పూర్వీకులు పోర్చుగల్ నుంచి వచ్చి ఫ్రాన్స్‌లో స్థిరపడ్డ యూదులు. ఫ్రెడరిక్ దీవికి వచ్చింది చనిపోయిన మేనమామ వ్యాపారం చూసుకోవడానికి. వచ్చి ఆ మేనమామ భార్య రాషెల్‌ను పెళ్లి చేసుకున్నాడు. యూదుల ప్రార్థనా మందిరం పెద్దలు ఆ పెళ్లిని చాలా ఏళ్లు ఒప్పుకోలేదు. కులపెద్దలు వెలివేసిన కుటుంబం ఎలా ఉంటుందో మన పల్లెల వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. దాంతో ఆ ఇంటి పిల్లలు తమ సమాజం వాళ్ల బడికి కాకుండా, మిషనరీలు నడిపే బడికి వెళ్లి నల్లజాతి పిల్లల పక్కన కూర్చుని చదువుకున్నారు. ఆ దీవిలో అప్పటికి బానిసత్వం ఉంది. 1848లో గాని రద్దు కాలేదు. అంటే ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలో నియమాలు గట్టిగా ఉన్న చోట, ఆ నియమాల బయట పెరిగిన పిల్లవాడు.

పన్నెండేళ్లప్పుడు పారిస్ శివార్లలో హాస్టల్ ఉన్న స్కూల్లో వేశారు. అక్కడి హెడ్మాస్టర్‌కు డ్రాయింగ్ అంటే ఇష్టం. ఎదురుగా ఉన్నదాన్ని చూసి గీయమని ప్రోత్సహించాడట. ఐదేళ్ల తర్వాత తండ్రి వెనక్కి పిలిపించి దుకాణంలో కూర్చోబెట్టాడు. రేవులో ఓడల నుంచి దిగే సరుకు లెక్క రాయడం ఆయన పని. సరుకు లెక్క రాస్తూ, మధ్యలో కూలీలను, గాడిదలను, ఓడ తాళ్లను స్కెచ్ చేసేవాడు. లెక్కల పుస్తకం ఎంత సరిగ్గా ఉండేదో నాకు తెలియదు గానీ, స్కెచ్‌లు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి.

ఇలా ఐదేళ్లు గడిచాయి. ఫ్రిట్జ్ మెల్బీ అనే డెన్మార్క్ చిత్రకారుడు దీవికి వచ్చి, ఇతని స్కెచ్‌లు చూసి స్నేహితుడయ్యాడు. 1852లో పిస్సారో దుకాణం వదిలి మెల్బీతో కలిసి వెనిజులా వెళ్లిపోయాడు. వయసు 22. రెండేళ్లు అక్కడ బజార్లు, నదులు, కొండలు గీసి తిరిగొచ్చేసరికి తండ్రి మెత్తబడ్డాడు. 1855లో పారిస్ పంపడానికి ఒప్పుకున్నాడు. కొడుకును వ్యాపారంలో పెట్టాలన్న తండ్రి పట్టుదలను తప్పుపట్టడం తేలిక. కానీ కొడుక్కి బొమ్మల చదువు కోసం డబ్బు పంపినవాడూ ఆ తండ్రే. ఈ సగం చాలా జీవిత చరిత్రల్లో రెండు వాక్యాల్లో అయిపోతుంది.

పారిస్‌లో అప్పుడు చిత్రకారుడికి బతుకుదెరువు ఒకటే దారిలో ఉండేది. ప్రభుత్వం ఆధ్వర్యంలో సలోన్ అనే పెద్ద ప్రదర్శన జరిగేది. అందులో బొమ్మ తీసుకుంటే పేరు, తీసుకోకపోతే కొనేవాడు లేడు. మన దగ్గర ఒక ఎంట్రన్స్ ర్యాంకు మీద జీవితం మొత్తం తేలిపోతుందని నమ్మినట్టు, అక్కడ సలోన్ గురించి నమ్మేవారు. జ్యూరీకి నచ్చేవి పురాణ కథలు, యుద్ధాలు, రాజులు, నున్నగా మెరిసే రంగులు. పల్లె దారి, క్యాబేజీ తోట, బురద ఎవరికి కావాలి? పిస్సారో బొమ్మలను కొన్నేళ్లు తీసుకున్నారు, కొన్నేళ్లు తిప్పి పంపారు. తీసుకున్నప్పుడు కూడా డబ్బు రాలేదు. 1868 ప్రాంతంలో ఇల్లు గడవక కిటికీ తెరల మీద బొమ్మలు వేసి కూలి తీసుకున్నాడు.

అప్పటికి సంసారం ఏర్పడింది. తల్లి రాషెల్ ఇంట్లో పనిచేసే జూలీ వెలే అనే రైతు కూతురిని ఇష్టపడ్డాడు. తమ మీద అంత నింద మోసిన రాషెల్, కొడుకు విషయానికి వచ్చేసరికి ఒప్పుకోలేదు. పనిమనిషి, పైగా మతం వేరు. వాళ్ల పెళ్లి చివరికి 1871లో లండన్ దగ్గర క్రోయిడన్‌లో రిజిస్టర్ అయింది. జూలీ గురించి తర్వాత మళ్లీ చెబుతాను. ఆమె లేకుండా ఈ కథ లేదు.

లండన్ ఎందుకంటే యుద్ధం. 1870లో ప్రష్యా సైన్యం ఫ్రాన్స్ మీదికి వచ్చింది. పారిస్ పక్కనే లూవ్‌సియెన్ అనే ఊళ్లో ఉంటున్న పిస్సారో కుటుంబం చేతికందింది తీసుకుని ఇంగ్లండ్ పారిపోయింది. అక్కడ వేసిన వాటిలో ఒక బొమ్మ మన కథకు ముఖ్యం. లండన్ శివార్లలో లార్డ్‌షిప్ లేన్ అనే రైల్వే స్టేషన్, రెండు పట్టాలు, ఎదురుగా పొగ వదులుతూ వస్తున్న రైలింజను. చుట్టూ పచ్చిక, కొత్తగా లేస్తున్న ఇళ్లు. ఆ బొమ్మను పరీక్షించినప్పుడు ఒక సంగతి బయటపడింది. మొదట పక్కన గడ్డి కోస్తున్న మనిషిని వేసి, తర్వాత అతని మీద రంగు పూసేశాడు. పాత పద్ధతి చిత్రకారుడైతే రైలును తీసేసి గడ్డి కోసేవాణ్ణి ఉంచేవాడు. ఈయన కోతగాణ్ణి తీసేసి రైలును ఉంచాడు.

యుద్ధం అయ్యాక తిరిగి వచ్చి చూస్తే ఇల్లు సైనికుల చేతిలో పడింది. ఇరవై ఏళ్లుగా వేసిన దాదాపు 1,500 బొమ్మల్లో మిగిలినవి 40 దాకా. బురదలో కాళ్లు తడవకుండా కాన్వాసులను తోటలో చాపల్లా పరుచుకున్నారు. 41 ఏళ్ల మనిషికి అంతవరకు చేసిన పని అంతా అలా పోయింది. దాని గురించి ఏడుస్తూ కూర్చున్నట్టు ఎక్కడా కనిపించదు. 1872లో కుటుంబంతో పోంత్వాజ్ అనే ఊరికి మారాడు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

పోంత్వాజ్ పారిస్‌కు వాయవ్యంగా, వాజ్ అనే నది ఒడ్డున ఉంటుంది. మార్కాపురానికి ఉన్నట్టే దానికీ రెండు ముఖాలు. ఒక పక్క కూరగాయల తోటలు, సంతలు, పాత చర్చి. ఇంకో పక్క రైలు, ఫ్యాక్టరీలు. నదికి అవతల సెంతువాన్ లోమోన్ అనే ఊళ్లో ఒక డిస్టిలరీ ఉండేది. అందులో చక్కెర బీట్ దుంపల నుంచి స్పిరిట్ తీసేవారు.

ఇక్కడ కాస్త ఆగి బీట్ దుంప సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇది చెరకు పండించే మనకు కొత్తగా ఉంటుంది. యూరప్ చలిలో చెరకు పండదు. వాళ్లకు చక్కెర కరీబియన్ దీవుల నుంచి, బానిసల చాకిరీతో పండిన చెరకు నుంచి ఓడల్లో వచ్చేది. 1800ల మొదట్లో నెపోలియన్‌కూ ఇంగ్లండ్‌కూ యుద్ధం వచ్చి, ఇంగ్లండ్ నౌకలు సముద్రాన్ని అడ్డుకోవడంతో ఆ చక్కెర ఆగిపోయింది. అప్పుడు నెపోలియన్ ఈ తెల్ల బీట్ దుంపను పండించమని రైతులను తొందరపెట్టాడు. దుంపను కడిగి, సన్నగా తరిగి, తీపి రసం తీస్తే చక్కెర. ఆ రసాన్ని పులియబెట్టి బట్టీలో కాస్తే స్పిరిట్. దుంప బరువు ఎక్కువ, దూరం మోసుకుపోతే గిట్టదు. అందుకే ఫ్యాక్టరీ పొలాల మధ్యకే వచ్చింది. మనకు చక్కెర ఫ్యాక్టరీ చెరకు తోటల దగ్గరే ఉండటానికి కారణం కూడా అదే. కాబట్టి పోంత్వాజ్‌లో పొగ గొట్టం పల్లె మీదికి పట్నం నుంచి దండెత్తి వచ్చిన శత్రువు కాదు. పొలంలో పండినదే అందులోకి వెళ్లేది. కరీబియన్ దీవిలో పుట్టినవాడు, ఆ దీవుల చెరకుకు బదులుగా పుట్టిన పంట ఫ్యాక్టరీని బొమ్మ వేయడం ఒక చిత్రం. ఆయన అలా ఆలోచించాడని నేను అనడం లేదు.

1873లో పిస్సారో ఈ ఫ్యాక్టరీని ఒకటి కాదు, నాలుగు కాన్వాసుల్లో వేశాడు. అన్నీ చిన్న సైజువే. ఒకటి ఇప్పుడు అమెరికాలో క్లార్క్ ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో, ఇంకొకటి స్ప్రింగ్‌ఫీల్డ్ మ్యూజియంలో ఉన్నాయి. రెండూ మీరు పిల్లలకు కొనిచ్చే చార్టు కంటే చిన్నవి. క్లార్క్‌లో ఉన్న బొమ్మను ఫోన్‌లో వెతికి పిల్లలతో కలిసి చూడండి. ముందు గడ్డి గట్టు. తర్వాత నది. అవతలి ఒడ్డున ఫ్యాక్టరీ కట్టడాలు, వాటి నుంచి నిటారుగా లేచిన గొట్టాలు. పక్కన చెట్లు. ఈ రెంటికీ ఆయన ఒకే రకమైన బ్రష్ వాడాడు. చెట్టుకు మెత్తగా, గొట్టానికి కర్కశంగా వేయలేదు. పొగ పైకి పోయి మబ్బుల్లో కలుస్తుంది. ఎక్కడ పొగ ఆగి మబ్బు మొదలయిందో వేలు పెట్టి చూపించడం కష్టం. ఆకాశం, కట్టడాలు మళ్లీ నీళ్లలో కనిపిస్తాయి. నీళ్లు దేన్నీ వదిలిపెట్టవు, గుడి గోపురమైనా పొగ గొట్టమైనా.

నాలుగు బొమ్మలనూ పక్కపక్కన పెట్టి చూసిన కళా చరిత్రకారులు ఒక విషయం గమనించారు. ఫ్యాక్టరీ సైజు ఒక్కో బొమ్మలో ఒక్కో రకంగా ఉంటుంది. ఒకదాంట్లో అది బొమ్మనంతా ఏలుతుంది, ఇంకోదాంట్లో చెట్ల వెనక సర్దుకుపోతుంది. అంటే కళ్లతో చూసి గుడ్డిగా కాపీ కొట్టలేదు. ఈ కొత్త కట్టడానికి ఈ పాత నేల మీద ఎంత చోటు ఇవ్వాలి అని ఒకటికి నాలుగుసార్లు ఆలోచించాడు. ఆ ప్రశ్న మనకూ ఉంది. దోర్నాల వైపు నల్లమల కింద నుంచి వెలిగొండ సొరంగం తవ్వాక, కొండను ఎలా గీయాలి? సొరంగం నోరు, లారీలు వదిలేసి గీయాలా?

పిస్సారో ఫ్యాక్టరీని పొగిడాడా, తిట్టాడా అని పుస్తకాల్లో వాదనలు ఉన్నాయి. నాకు రెండూ కనిపించవు. ఆయన ఫ్యాక్టరీ అందగత్తె కాదు, రాక్షసి కాదు. ఆ ఊళ్లో ఉంది కాబట్టి బొమ్మలో ఉంది. అలాగని ఆయనకు కష్టం తెలియదనుకోకండి. 1889-90 ప్రాంతంలో తన మేనకోడళ్ల కోసం 28 ఇంకు బొమ్మలతో ఒక చిన్న ఆల్బమ్ చేసి పంపాడు. అందులో ఆకలి, అప్పులు, చాకిరీ, డబ్బు సంచి ముందు మనుషులు మోకరిల్లడం, అన్నీ నల్లటి గీతల్లో కోపంగా ఉంటాయి. సంపద పంచుకోవాలని, ఎవరి మీదా ఎవరి పెత్తనం ఉండకూడదని నమ్మిన మనిషి. కానీ ఆ కోపాన్ని రంగుల బొమ్మలోకి రానివ్వలేదు. పలకల గని దుమ్ము ఊపిరితిత్తులకు ఏం చేస్తుందో తెలిసి కూడా, ఆ గని మీద పడే సాయంత్రపు ఎండను చూడగలగడం లాంటిదది. రెండూ నిజాలే. ఒకటి చెప్పడానికి రెండోదాన్ని చెరిపేయనక్కర్లేదని ఆయన అనుకున్నట్టుంది.

బయట నిలబడి ఇలా వేయడం అప్పటికి కొత్త. 1841లో రంగులు నింపే రేకు ట్యూబు కనిపెట్టేదాకా చిత్రకారులు రంగులు నూరుకుంటూ గదిలోనే ఉండేవారు. ట్యూబు వచ్చాక పెట్టె భుజానికి తగిలించుకుని పొలం గట్టుకు పోవచ్చు. ఎండ మారుతుంది, మబ్బు కదులుతుంది, కాబట్టి చేయి చురుగ్గా ఆడాలి. చిన్న చిన్న రంగు ముక్కలు పక్కపక్కన పడతాయి. దగ్గరగా చూస్తే అలికినట్టు ఉంటుంది, నాలుగడుగులు వెనక్కి వస్తే నీళ్లు కదులుతాయి. సలోన్ జ్యూరీకి ఇది పూర్తికాని పనిలా కనిపించింది.

అందుకే వీళ్లంతా కలిసి సొంత ప్రదర్శన పెట్టుకోవాలనుకున్నారు. 1873 చివర్లో చిత్రకారుల సహకార సంఘం ఏర్పడింది. దాని నియమావళి రాసే పని పిస్సారో మీద పడింది. ఆయన ఎవరి నియమావళిని నమూనాగా తీసుకున్నాడో ఊహించండి. పోంత్వాజ్‌లో రొట్టెలు కాల్చే పనివాళ్ల సంఘానిది! జ్యూరీ లేదు, బహుమతులు లేవు, అందరూ సమానం. 1874 ఏప్రిల్ 15న పారిస్‌లో, ఫొటోగ్రాఫర్ నదార్ ఖాళీ చేసిన స్టూడియోలో ముప్పై మంది దాకా చిత్రకారుల పనితో ప్రదర్శన మొదలైంది. మోనే వేసిన సూర్యోదయం బొమ్మ పేరులో ఇంప్రెషన్ అన్న మాట ఉంది. ఒక పత్రికా రచయిత దాన్ని పట్టుకుని అందరినీ ఎగతాళి చేశాడు. ఆ ఎగతాళి పేరే వాళ్లకు నిలిచిపోయింది. పిస్సారో ఐదు బొమ్మలు పెట్టాడు. ఆ ప్రారంభానికి కొద్ది రోజుల ముందే ఆయన కూతురు మినెట్, తొమ్మిదేళ్లు నిండకుండా, జబ్బుతో చనిపోయింది. ఆ నెలలో ఆ ఇంట్లో ఎలా ఉండి ఉంటుందో తల్లిదండ్రులైన మీకు నేను చెప్పలేను.

1886 దాకా అలాంటి ప్రదర్శనలు ఎనిమిది జరిగాయి. మోనే కొన్నిటికి రాలేదు, రెన్వార్ సలోన్ వైపు వెళ్లిపోయాడు, దెగా అందరితో పోట్లాడాడు. ఎనిమిదింటిలోనూ బొమ్మలు పెట్టినవాడు పిస్సారో ఒక్కడే.

టీచర్‌గా నాకు ఆయనలో బాగా నచ్చేది ఇంకొకటి. ఆయన దగ్గర ఎవరు నేర్చుకున్నారో చూడండి. పాల్ సెజాన్ కోపిష్టి, ఎవరితోనూ పడేది కాదు. పోంత్వాజ్ వచ్చి పిస్సారో పక్కన ఈజిల్ వేసుకుని నిలబడ్డాడు. నలుపు, మట్టి రంగులు పక్కన పెట్టి మూడు ప్రాథమిక రంగులు, వాటి నుంచి వచ్చేవి మాత్రమే వాడమన్నాడట పిస్సారో. చూసి నేర్చుకోవడానికి ఆయన బొమ్మనే సెజాన్ ఒకసారి యథాతథంగా కాపీ చేశాడు. తర్వాత ప్రపంచానికి గురువైన సెజాన్, ముసలితనంలో ప్రదర్శన కేటలాగ్‌లో తన పేరు పక్కన పిస్సారో శిష్యుడినని వేయించుకున్నాడు. షేర్ మార్కెట్ బ్రోకర్‌గా మంచి జీతం తీసుకుంటున్న పాల్ గోగాన్ ఆదివారాలు బొమ్మలు వేసుకుంటూ ఈయన దగ్గరికి వచ్చి నేర్చుకుని, చివరికి బ్రోకర్ పని వదిలేశాడు (గోగాన్ భార్య పిస్సారోను ఏమనుకుని ఉంటుందో!). విన్సెంట్ వాన్ గో ఆరోగ్యం పాడైనప్పుడు ఓవేర్ ఊళ్లో ఉన్న డాక్టర్ గాషే దగ్గరికి పంపమని అతని తమ్ముడికి సలహా ఇచ్చిందీ ఈయనే. శిష్యుల్లో ఎవరి బొమ్మా గురువు బొమ్మలా ఉండదు. ఈ మాట ఎంతమంది గురువుల గురించి చెప్పగలం?

తాను నేర్చుకోవడమూ మానలేదు. 55 ఏళ్ల వయసులో, తనకంటే దాదాపు ముప్పై ఏళ్లు చిన్నవాడైన జార్జ్ సూరా చుక్కల పద్ధతిలో వేస్తున్న బొమ్మలు చూసి, ఆ కుర్రవాడి దగ్గర మళ్లీ మొదటి పాఠం నుంచి మొదలుపెట్టాడు. ఒక్కో రంగు చుక్కనూ పక్కపక్కన పెట్టి, చూసేవాడి కంట్లో కలిసేలా చేయడం ఆ పద్ధతి. కొనేవాళ్లకు నచ్చలేదు. ఎంతో కాలంగా ఆయన బొమ్మలు కొంటున్న వ్యాపారి ద్యూరాన్-రుయెల్‌కు కూడా నచ్చలేదు. ఒక బొమ్మకు నెలలు పట్టేది. నాలుగైదేళ్ల తర్వాత అది తన తీరుకు సరిపడదని తేల్చుకుని వదిలేశాడు.

ఆ నాలుగైదేళ్లు ఇల్లు నడిపింది జూలీ. మొత్తం ఎనిమిది మంది పిల్లలు పుట్టారు, ఆరుగురు పెద్దవాళ్లయ్యారు. కోళ్లు, కుందేళ్లు పెంచింది, కూరగాయలు పండించింది, కిరాణా కొట్టు అప్పు మోసింది. 1884లో వాళ్లు చేరిన ఎరాన్యి అనే పల్లెలో తోట అంతా ఆమె చేతి పని. పిస్సారో తోట బొమ్మలను మ్యూజియంలో మెచ్చుకునేవాళ్లు ఆ క్యాబేజీలు ఎవరు నాటారో కూడా అడగాలి. కొడుకులను ఏదైనా జీతం వచ్చే పనిలో పెట్టాలని ఆమె పోరు పెట్టేది. తండ్రి మాత్రం ఐదుగురు కొడుకుల చేతుల్లోనూ బ్రష్ పెట్టాడు. ల్యుసియాన్, జార్జ్, ఫెలిక్స్, రోడో, పాల్-ఎమీల్ ఐదుగురూ చిత్రకారులయ్యారు. ల్యుసియాన్ లండన్‌లో స్థిరపడితే తండ్రి ఇరవై ఏళ్ల పాటు ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. ఆ ఉత్తరాలు ఇప్పుడు పుస్తకాలుగా ఉన్నాయి, వాటిలో సలహాలతో పాటు డబ్బు కటకట పేజీ పేజీకీ కనిపిస్తుంది. ఫెలిక్స్ 1897లో 23 ఏళ్లకే క్షయతో పోయాడు. ఈ విషయంలో తల్లి చెప్పింది నిజమా, తండ్రి చేసింది నిజమా అని నన్నడిగితే, జవాబు నా దగ్గర లేదు. ఏటా జూన్ నెలలో ఏ గ్రూపులో చేర్చాలి అని మీరు వచ్చి అడిగినప్పుడు కూడా ఇదే ప్రశ్న వేరే బట్టలు వేసుకుని వస్తుంది.

1892లో ద్యూరాన్-రుయెల్ పెద్ద ప్రదర్శన పెట్టాక గాని బొమ్మలు బాగా అమ్ముడుపోలేదు. అప్పటికి వయసు 61. అదే ఏడు ఎరాన్యిలో అద్దె ఇల్లు కొనడానికి మోనే అప్పిచ్చాడు. అప్పు కోసం మోనేని అడగడానికి వెళ్లింది జూలీయే, భర్తకు చెప్పకుండా.

ఇల్లు కొన్నాక హాయిగా తోటలో కూర్చుని వేయవలసింది. కానీ కన్ను మొండికేసింది. కన్నీటి గ్రంథి దగ్గర ఇన్ఫెక్షన్ మళ్లీ మళ్లీ వచ్చేది. గాలి, దుమ్ము తగలకూడదన్నారు. జీవితమంతా పొలం గట్టు మీద నిలబడ్డ మనిషికి ఇది మామూలు శిక్ష కాదు. ఆయన హోటల్ గదులు అద్దెకు తీసుకుని, మూసిన కిటికీ వెనక నుంచి వేయడం మొదలుపెట్టాడు. 1896లో రువాన్ పట్నంలో కిటికీ ముందు కూర్చుంటే కింద సేన్ నది, ఇనుప వంతెన, వంతెన మీద జనం, స్టీమర్లు, అవతలి ఒడ్డున ఫ్యాక్టరీ గొట్టాల వరుస. పేరున్న చర్చి ఆ ఊళ్లోనే ఉంది, మోనే దాన్ని ముప్పైసార్లు వేశాడు. పిస్సారోకు వానలో తడిసిన వంతెన, రేవు, పొగ నచ్చాయి. 1897లో పారిస్‌లో మోంమార్త్ర్ బులెవార్ రోడ్డును ఒకే కిటికీ నుంచి పొద్దున, సాయంత్రం, మంచులో, వానలో, రాత్రి దీపాల్లో వేశాడు. మన దామెర్ల రామారావు రాజమండ్రిలో పుట్టిన సంవత్సరం కూడా అదే.

చివరి ఏళ్లలో ఇంకో గాయం తగిలింది. డ్రేఫస్ అనే యూదు సైనికాధికారి మీద దేశద్రోహం నేరం అన్యాయంగా మోపారు. దేశం రెండుగా చీలింది. పిస్సారో డ్రేఫస్ పక్షాన నిలబడ్డాడు. దశాబ్దాల స్నేహితుడు దెగా మాట్లాడటం మానేశాడు, రెన్వార్ దూరం జరిగాడు. ఈయన మాత్రం దెగా పనిని మెచ్చుకోవడం మానలేదు.

1903 వేసవిలో లే హావ్ర రేవుకు వెళ్లాడు. కరీబియన్ నుంచి వచ్చే ఓడలు ఆగే రేవుల్లో అది ఒకటి. వయసు 73. ఎప్పటిలాగే కిటికీ ఉన్న గది తీసుకుని, ఓడలు, గోడ పక్కన నిలబడి చూసే జనం, సరుకు దించే చోటు వేస్తూ పోయాడు. ఆ పాత రేవును త్వరలో మార్చి కట్టబోతున్నారు, ఆ సంగతి ఆయనకు తెలుసు. ఆ ఊరి మ్యూజియం ఆ సిరీస్‌లో రెండు బొమ్మలు కొన్నది. సెప్టెంబర్‌లో పారిస్ తిరిగొచ్చి, కొత్త గది, కొత్త కిటికీ వెతుక్కుంటుండగా జబ్బుపడ్డాడు. నవంబర్ 13న చనిపోయాడు. పేర్ లషేజ్ శ్మశానంలో తల్లిదండ్రుల పక్కన సమాధి చేశారు. లే హావ్ర వాళ్లు కొన్న ఆ రెండు బొమ్మలూ ఇప్పటికీ ఆ ఊళ్లోనే ఉన్నాయి.